ఎదురొచ్చే మనిషి

మా వఠారం బోరు ఎండిపోయిన ఎండాకాలం అది. మార్చి నెల సగం కాకముందే కొళాయి రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. ఆ తర్వాత మారతహళ్ళిలో ఏ వీధికి పోయినా ట్యాంకర్ల మోతే. మనుషులు ఎదురైతే "తిన్నారా" అని అడగడం మానేసి "నీళ్ళొచ్చినాయా" అని అడిగేవాళ్ళు. ఆ నీళ్ళు లేని రోజుల్లోనే నా తమ్ముడు సుంకన్న పట్టాళం వదిలేసి, పుణెలో పెట్టించుకున్న కాలుతో ఇంటికి వచ్చేశాడు.

తమ్ముడు అన్నానుగాని వాడు నా అల్లుడు కూడా. మా అనంతపురం వైపు అక్క కూతుర్ని చేసుకోవడం కొత్త కాదు. నా కూతురు జ్యోతిని వాడికే ఇచ్చాను. నా మొగుడు పోయినప్పటినుంచీ నేనూ వాళ్ళ దగ్గరే. వాడు సరిహద్దులో ఉంటే మేమిద్దరం ఇక్కడ. బడి మొహం చూడని నేను పొట్లాల కాగితాలు చూసి చూసి అక్షరాలు కూడబలుక్కున్నది కూడా వాడి కోసమే. పేపరు చేతికొస్తే ముందు సరిహద్దు వార్త వెతికేదాన్ని. అది లేకపోతేనే మిగతా పేపరు.

ఒకరోజు ఆ వార్త పేపరులో రాలేదు, ఫోనులో వచ్చింది. కశ్మీరులో గస్తీ తిరుగుతూ వాడు మందుపాతర మీద అడుగేశాడు. ఎడమకాలు మోకాలి కిందనుంచి పోయింది. ఆస్పత్రులన్నీ అయి, పింఛను వచ్చి, ఇంటికి చేరేసరికి రెండేళ్ళు పట్టింది. తిండికి లోటు లేదు. జ్యోతి కూడా గార్మెంట్సులో సూపర్‌వైజరు. లోటల్లా ఆ మనిషి పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఏం చెయ్యాలన్నదే.

మొండికాలికి తెల్లటి మేజోడు తొడిగి, దానిమీద ఆ కాలు బిగించుకోవాలి. చెమట పట్టిన మేజోడు మళ్ళీ తొడిగితే పుండు పడుతుంది. అందుకని ఏ రోజుది ఆ రోజు ఉతకాలి. తాగడానికే నీళ్ళు లేని కాలంలో ఆ మేజోళ్ళకని ఒక బకెట్టు దాచిపెట్టేదాన్ని. అవి తీగమీద ఆరుతుంటే వఠారంలో వాళ్ళు చూసి తల తిప్పుకునేవాళ్ళు.

వచ్చిన కొత్తలో వాడు రోజూ పొద్దున్నే వీధి చివర టీ అంగడికి పోయేవాడు. ఒకరోజు అట్లాగే టీ తాగి వస్తున్నాడు. అప్పుడే మా ఇంటి ఓనరు చిక్కమునియప్ప తెల్లపంచె కట్టుకొని, సంకలో తోలుసంచి పెట్టుకొని ఏదో సైటు బేరానికి మెట్లు దిగుతున్నాడు. ఆయన ఈ నేలమీదే పుట్టిన మనిషి. ఈ ఊళ్ళో రాగిచేలు పోయి గాజుమేడలు లేవడం కళ్ళారా చూసినవాడు. మంచివాడే. సుంకన్న రాగానే కిందివాళ్ళను బతిమాలి మాకు ఆ ఇల్లు ఖాళీ చేయించి ఇచ్చాడు, మెట్లెక్కే బాధ ఉండకూడదని.

ఆయన సుంకన్నను చూశాడు. నవ్వాడు. ఏదో మరిచిపోయినట్టు జేబు తడుముకుని మళ్ళీ మెట్లెక్కాడు. పైన వరండాలో చెంబుడు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, ఇంత నీళ్ళు తాగి, కాసేపు కుర్చీలో కూర్చొని అప్పుడు మళ్ళీ బయల్దేరాడు.

"చూడమ్మా, కొంప కొంపంతా నీళ్ళకి ఏడుస్తాంటే కాళ్ళు కడుక్కుంటాండాడు ఈయప్ప" అంది జ్యోతి.

సుంకన్న లోపలికొచ్చి కాలు విప్పి గోడకు ఆనించాడు. మర్నాటినుంచి టీ ఇంట్లోనే పెట్టమన్నాడు. ఎండలు ముదిరేకొద్దీ వాడి తిరుగుడు మంచానికీ స్నానాలగదికీ మధ్యకు కుంచించుకుపోయింది. మాటలు కూడా అంతే. ఆ కాలు గోడవారగా నిలబడి ఉండేది, ఎవరినో పిలవడానికొచ్చి ఎదురుచూస్తున్న మనిషిలాగా.

నా భయాలు నాకున్నాయి. వాడు తలుపేసుకుంటే నేను తలుపవతల కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచేదాన్ని, లోపల ఊపిరి వినపడుతున్నదా అని.

ఒక ఆదివారం సుబేదారు వెంకటేశ్ వచ్చాడు. రిటైరైన మనిషి. చిత్తూరు వైపు వాడు. దెబ్బలు తగిలి తిరిగొచ్చిన సిపాయిలకు పనులు వెతికిపెట్టడమే ఇప్పుడాయన పని. గుమ్మంలోనుంచే అరిచాడు.

"ఏం రా, ఇంకా మంచంమీదేనా? పెళ్ళికొడుకు మాదిరి కూర్చున్నావే!"

సుంకన్న లేచి నిలబడబోయాడు. కాలు లేదు కదా, మంచం పట్టె పట్టుకున్నాడు.

"కూర్చోప్పా, కూర్చో. పని తెచ్చినా. మహదేవపురలో పెద్ద అపార్ట్‌మెంటు. గేటు సూపర్‌వైజరు. పద్ధతి తెలిసినవాడు కావాలంట. నీళ్ళ ట్యాంకర్లు గేటు దగ్గర కొట్టుకు చస్తాండాయంట."

"ఏ గేటు, సాబ్?"

"ముందు గేటు. ఏం?"

"ఎనక గేటు ఉంటే చూడండి సాబ్."

వెంకటేశ్ నావైపు చూశాడు. నేను కాఫీ గ్లాసు వైపు చూశాను.

"ముందు గేటంటే పొద్దున్నే పనికి పోయే ప్రతి మనిషికీ నేనే ఎదురు సాబ్" అన్నాడు సుంకన్న. "ఆడ పోయేవాళ్ళు కాళ్ళు కడుక్కోవల్లంటే ఎన్ని ట్యాంకర్లు చాలుతాయి?"

వెంకటేశ్ పకపకా నవ్వాడు. వాడు నవ్వలేదు. అప్పటికి అర్థమైంది ఆయనకు. గ్లాసు కింద పెట్టి మెల్లగా అన్నాడు. "వాళ్ళంతా కంప్యూటర్ల వాళ్ళప్పా. ఇయన్నీ పట్టించుకోరు. ఒక నెల చూడు. నాకోసం చూడు."

పనికి పోయే మొదటి రోజు జ్యోతి వాడి చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. వాడు బూట్లు రెండూ తుడిచాడు. ఏ పాదమూ లేని బూటును కూడా అంతే శ్రద్ధగా తుడిచాడు. నేను పెరుగన్నం పెట్టి, వాడు గడప దాటే వేళకు ఎప్పటిలాగే తలుపు వెనక్కి పోయాను. బొట్టు లేని మొహం ప్రయాణమయ్యే మనిషికి ఎదురు పడకూడదు. వాడు సెలవు ముగించుకుని పోయిన ప్రతిసారీ నేను తలుపు వెనకే ఉన్నాను. రైలు స్టేషనుకు కూడా ఎప్పుడూ పోలేదు. తలుపు చెక్క వాసనే నాకు వాడి ప్రయాణాల వాసన.

బయట పెద్ద హారను మోగింది. జ్యోతి పడిపడి నవ్వుతోంది.

"నిండు కుండ కాదు మామా, నిండు ట్యాంకరే ఎదురొచ్చింది నీకు! పో, ఇంక తిరుగులేదు!"

నిజంగానే ఆ నెల తిరుగులేదు. వాడు ఎండకు నల్లబడి, మాటలతో ఇంటికొచ్చేవాడు. ట్యాంకర్ల డ్రైవర్లతో కన్నడంలో తగవులు, హిందీలో తిట్లు. ఎవరో ముసలాయన రోజూ పేపరు చదివి యుద్ధం వస్తుందా అని అడుగుతాడట. ఒక పాప కాలు తట్టి చూపించమంటే తట్టి చూపించాడట. "టకటకమంటాదక్కా, ఆ పాపకు తలుపు కొట్టినట్టుండాదంట" అన్నాడు. సాయంత్రాలు టీ అంగడికి పోవడం మళ్ళీ మొదలుపెట్టాడు. పొద్దున మాత్రం పోడు.

ఒకరోజు మధ్యాహ్నానికి మార్చుకోవాల్సిన మేజోడు ఇంట్లోనే మరిచిపోయి పోయాడు. ఆ ఎండకు తడి మేజోడుతో పొద్దుగూకేదాకా నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కన్నడం బోర్డులు కూడబలుక్కుంటూ దిగాల్సిన చోటే దిగాను.

ఆ గేటు మా ఊరి గుడి గోపురమంత ఉంది. వాడు మధ్యలో నిలబడి ఒక ట్యాంకరును లోపలికి పంపుతున్నాడు. స్కూటర్ల మీద, కార్లలో జనం బయటికొస్తున్నారు. మధ్యాహ్నం డ్యూటీవాళ్ళు కాబోలు. సంచి ఇద్దామని నాలుగడుగులు వేసి ఆగిపోయాను. ఒకమ్మాయి పరీక్షకు పోతోంది, చేతిలో అట్ట, పెన్నులు. నా కాళ్ళు వాటంతట అవే పక్కకు నడిచి స్తంభం వెనక నిలబడ్డాయి.

అప్పుడే లోపలినుంచి ఒకామె వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో ఫోను. మన తెలుగామే. సుంకన్న ఆమె గురించి చెబుతుండేవాడు. శైలజ మేడం, ఆ అపార్ట్‌మెంటు సెక్రటరీ.

"సుంకన్న గారూ, ఒక్క నిమిషం. నిన్న కమిటీలో డిస్కస్ చేశాం. ఈ ఎండలో మీరు నిలబడుతుంటే మాకే బాధగా ఉందండీ. కింద బేస్‌మెంట్‌లో కెమెరాల రూముంది కదా, ఏసీ కూడా ఉంది. హాయిగా కూర్చుని స్క్రీన్లు చూసుకోండి. జీతం అదే."

"నేను బాధని చెప్పలేదు కదా మేడం."

"అయ్యో, మీరు చెప్పలేదండీ. మేమే అనుకున్నాం."

"ఇంకెవరన్నా చెప్పినారా?"

ఆమె ఫోను చేతులు మార్చుకుంది. అబద్ధం రాని మనిషి, పాపం.

"కొంతమంది పెద్దవాళ్ళు... పొద్దున్నే ఆఫీసులకీ ఎగ్జామ్స్‌కీ బయల్దేరేటప్పుడు అని... నిజం చెప్పాలంటే మా అత్తగారే. నేను చెప్పి చూశాను, వినట్లేదు. పక్క గేటులోంచి పోతున్నారు, పిల్లల్ని కూడా అటే తీసుకెళ్తున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరు తప్పుగా తీసుకోకండి. మీరంటే మాకెంత రెస్పెక్టో మీకు తెలుసు. ఆగస్టు పదిహేనున జెండా మీతోనే ఎగరేయిద్దామని కూడా అనుకున్నాం."

"జెండా ఏ గేటు కాడ మేడం?"

"ముందు గేటు దగ్గరేనండీ, ఎప్పుడూ ఇక్కడే."

"ఆ దినం పైకి రావచ్చునా?"

ఆమె మొహం ఎర్రబడింది. "సోమవారానికి ఏ సంగతీ చెప్పండి" అని చిన్నగా అని లోపలికి పోయింది.

సుంకన్న రోడ్డు వైపు తిరిగేసరికి స్తంభం పక్కనుంచి నా చీరకొంగు కనపడింది.

"అక్కా! నువ్వేల ఆడ నిలబడుకున్నావు?"

"ఎండ కదప్పా."

"ఎండ నువ్వుండే పక్కనే ఉండాది కదక్కా. నీడ ఇటుండాది."

సంచి చాపాను. వాడు తీసుకోలేదు. నన్నూ, స్తంభాన్నీ, గేటునూ చూశాడు. బయటికి పోతున్న స్కూటర్లను చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. అప్పుడు వాడి మొహంలో ఏదో మెల్లగా తెలిసొచ్చింది.

"సెలవైపోయి నేను పోయేటప్పుడు నువ్వు కనపడ్తాండ్లేదు" అన్నాడు. "ఏడుపు ఆపుకోలేక లోపలుంటావనుకొంటి. వీధి మలుపు దాకా తిరిగి తిరిగి చూస్తాంటి."

"తాళి తెగిన దాన్ని. నీకు ఎదురు రావచ్చునా నాయనా?"

వాడు నన్ను గేటు పక్క గదిలోకి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టాడు. తాను స్టూలు మీద కూర్చొని, ప్యాంటు పైకి మడిచి, కాలు విప్పాడు. తడిసిన మేజోడు ఒలిచి పక్కన పెట్టాడు. మొండికాలి చివర చర్మం ఎర్రగా కమిలి ఉంది.

"కశ్మీరుకు పోయిన తూరి ఎవరెదురొచ్చినారక్కా?"

"చిక్కమునియప్ప భార్య."

"నిండు బిందెతో."

"ఊఁ. నేనే బతిమాలుకొని రప్పిస్తి."

"పసుపు రాసుకొని, పూలు పెట్టుకొని."

"ఊఁ."

వాడు కొత్త మేజోడు తొడుక్కొని ముడతలు లేకుండా సాపు చేసుకున్నాడు. కాలు బిగించుకున్నాడు. లేచి ఒకసారి అడుగేసి చూసుకున్నాడు.

"ఇంక పో అక్కా. ఇంకో ట్యాంకరొచ్చే టైమాయె."

కోపంగా ఒక్క మాట అన్నా బస్సులో అంత ఏడ్చేదాన్ని కాదేమో.

ఆ మేడం చెప్పినట్టుంది, ఆదివారం వెంకటేశ్ ఫోను చేశాడు. గట్టిగా మాట్లాడే మనిషి కావడంతో మాటలన్నీ మాకూ వినపడ్డాయి. "కూర్చొని చేసే పని ఇస్తామంటే వద్దంటావేమప్పా? నువ్వు పేచీ పెట్టుకుంటే నీ ఎనక వచ్చేవాడికి ఆ బేస్‌మెంటు కూడా ఇయ్యరు. అది ఆలోచించినావా?" సుంకన్న "సాబ్, సాబ్" అని మాత్రం అన్నాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అందుకే వాడు ఫోను పెట్టేసి, కాలు విప్పి మళ్ళీ గోడకు ఆనించాడు.

"పోరాదా మామా కిందికే" అంది జ్యోతి. "నీకు పుండు కూడా మానుతాది. ఎవురో ముసిల్ది ఏదో అనుకుంటే మనకేమి?"

"రెండేండ్లు పైకప్పు చూస్తా పడుకున్నా జ్యోతీ. ఇప్పుడు నేల కింద పెడితే ఎట్ల?"

అన్నం ముగ్గురం కలిసే తిన్నాం. ఎవరు ఎంత తిన్నారో కంచాలు కడిగేటప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దున వాడు బూట్లు తుడుచుకుంటుంటే నేను అక్కడక్కడే తచ్చాడుతున్నాను. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. ఏ గేటుకని మాత్రం ఎట్లా అడగడం? జ్యోతి కళ్ళతోనే వద్దంది. వాడే తల ఎత్తకుండా చెప్పాడు.

"ముందు గేటుకే. పోయి నిలబడతా. తీసేస్తే తీసేస్తారు. రాత్రి సాబ్‌కు కూడా మళ్ళా ఫోను చేసి చెప్పినా."

"ఆయప్ప ఏమన్నాడు?"

"తిట్టినాడు. తిట్టి, తానూ వచ్చి ఆ మేడంతో మాట్లాడతానన్నాడు." బూటు కింద పెట్టి నావైపు చూశాడు. "అక్కా, నువ్వు ఎదురు రా."

"వద్దు నాయనా."

"మంచి ఎదురు చూసుకుని పోయింటి కదా ఒకతూరి. ఈ తూరి నువ్వు రా."

"నీకేమన్నా అయితే నేను తట్టుకోలేనప్పా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒకటే ఉండాదిలే, పట్టుకోడానికి" అన్నాడు. జ్యోతికి నవ్వొచ్చింది. మరుక్షణమే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

నేను వీధిలోకి వచ్చాను. వట్టి చేతులతో ఎదురు పోకూడదని వాకిట్లో ఉన్న బిందె చేతికి తీసుకున్నాను. టీ అంగడి దాకా నడిచి అక్కడ వెనక్కి తిరిగాను. మా వాకిలి ఎంతో దూరాన ఉన్నట్టుంది. సుంకన్న గడప దాటాడు.

నడవడం మొదలుపెట్టాను. రెండిళ్ళు దాటాక బిందె బరువు లేదని తట్టింది. రెండు రోజులుగా ట్యాంకరు రాలేదు. దాంట్లో చుక్క నీళ్ళు లేవు. బొట్టు లేని మొహం, దానికి తోడు ఖాళీ బిందె. అక్కడే ఆగిపోయాను. ఎక్కడైనా తలుపు కనపడితే దాని వెనక్కి పోదును. వీధికి తలుపులుండవు కదా.

"రా అక్కా" అన్నాడు వాడు అక్కణ్ణుంచే.

అదే వేళకు చిక్కమునియప్ప సంచీ పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ఇటు నన్ను చూశాడు, అటు వాణ్ణి చూశాడు, నా బిందె చూశాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో అట్లాగే ఉండిపోయాడు. వెనక్కి పోదామంటే కాళ్ళు కడుక్కోవడానికి పైన కూడా నీళ్ళు లేవు.

"ఏమమ్మా రామక్కా" అన్నాడు దీనంగా, "మీ ఇద్దరిదీ అయినాక ఒక మాట చెప్పండి, నేను పోవల్ల" అని మెట్టు మీదే చతికిలబడ్డాడు.

సుంకన్న నవ్వాడు. పట్టాళానికి పోకముందు నవ్వినట్టు గట్టిగా, తల వెనక్కి వేసి నవ్వాడు. ఆ నవ్వు పట్టుకుని నేను మిగిలిన నాలుగిళ్ళూ దాటాను. మొహంలోకి చూసే ధైర్యం లేక వాడి బూట్లే చూశాను. రెండూ ఒకే తీరున మెరుస్తున్నాయి. ఒకటి మెత్తగా, ఒకటి టక్కుమని, నా పక్కనుంచి దాటిపోయాయి.

"పోయొస్తా అక్కా."

తిరిగి చూశాను. వాడి వీపు కనపడింది. ఇన్నేళ్ళలో వాడు పోతుంటే వాడి వీపు చూడడం నాకు అదే మొదలు. ఎడమవైపు కొంచెం ఒరిగి, చెయ్యి విసురుగా ఊపుతూ నడుస్తాడని అప్పుడే తెలిసింది. వీధి మలుపు దగ్గర తిరిగి చూశాడు.

సాయంత్రం దాకా నేను మనిషిని కాను. ఫోను మోగితే గుండె ఆగింది, మోగకపోయినా ఆగింది. చీకటి పడే వేళకు టకటకమని అడుగు వినపడింది. ముందు గేటులోనే నిలబెట్టారట, కమిటీ మళ్ళీ కూర్చునేదాకా. శైలజ మేడం అత్తగారు పక్క గేటుకే పోయిందట. ఆ పక్క గేటు కాపలా మనిషికి ఒక కన్ను లేదని ఆమె ఇంకా చూడలేదట.

కమిటీ ఏమంటుందో అప్పటికి మాకు తెలియదు. నా భయమూ పోలేదు, పోతుందని నేను అనుకోవడమూ లేదు. రాత్రి దాచిన బకెట్టు నీళ్ళతో మేజోడు ఉతికి తీగమీద ఆరేశాను. మర్నాడు పొద్దున వాడు బూటు దారం ముడివేసుకుంటుంటే బిందె తీసుకుని టీ అంగడి దాకా పోయి నిలబడ్డాను. ట్యాంకరు ఆ రోజు కూడా రాలేదు.